నానమ్మకంటే ముందు తాగిన గుక్క

పెత్రమాస (పెద్దల అమావాస్య), రాత్రి

చనిపోయిన నానమ్మకు నేల మీద సాక పోయడానికి నాన్న ఈసారి కల్లు కాకుండా రెడ్ వైన్ తెచ్చాడు. నాలుగు రకాల ద్రాక్ష కలిపారట, అన్నీ ఒకే తోటవి. తుక్కుగూడలో మా ద్రాక్షతోటను చూసుకుంది నానమ్మే కదా. మూత తీసి పెట్టిన సీసాలోంచి, ఎవరూ చూడకుండా ఒక గుక్క తాగాను.

సాయంత్రం నానమ్మ సమాధి ముందు తాత దాన్ని మట్టిలో పోశాడు. నేల ఎండిపోయి ఉంది, అయినా వైన్ ఇంకలేదు. ఎర్రగా అలాగే నిలబడింది.

"ఏందిరా గిది, భూమి తాగుతలేదు?"

"కల్లు కాదు గద బాపు, జర టైం పడ్తది," అని నాన్న నవ్వాడు.

"గట్ల గాదు. ఎవరో ఎంగిలి చేసిండ్రు. మీ అమ్మ ఊకోదు."

నేను ఫోన్ చూస్తున్నట్టు నటించాను.

తాతకు చెప్పేస్తే ఈ రుచి పోతుందేమో. కానీ చెబితే నాన్నకు తెలుస్తుంది. మూడుసార్లు బ్రష్ చేశాను. నోట్లో ఇంకా మట్టి రుచే.