బార్ పడే ఆట

జూలై 7, సోమవారం

మళ్ళీ ఆగిపోయాను. పరుగు బాగానే మొదలైంది, మలుపు దగ్గర స్పీడు కూడా కుదిరింది. తీరా ఎగరాల్సిన చోటికి వచ్చాక కాళ్ళు బ్రేక్ వేసేశాయి. బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు బార్ పట్టుకుని నిలబడ్డాను. కోచ్ సార్ ఏమీ అనలేదు. ఆయన తిట్టకపోతేనే నాకు గుండె జారిపోతుంది.

శనివారం సెలక్షన్స్. హైజంప్‌కి టీమ్‌లో రెండే చోట్లు. ఒకటి ఎలాగూ కొంగది. ఆ పొడుగుకాళ్ళ పిల్ల పోయినేడు విన్నర్. రెండోది నాదేనని అందరూ అనుకుంటున్నారు, నేను తప్ప.

జూలై 8, మంగళవారం

ఆగిపోయాను.

జూలై 9, బుధవారం, ఉదయం

అమ్మ ప్రార్థనకి మెలకువ వచ్చింది. నా బిడ్డ ఒక్కసారి కూడా బార్ పడెయ్యకూడదు ప్రభువా అని అడుగుతోంది. అమ్మది ఆసుపత్రి లాండ్రీలో పని. దుప్పట్లు మడతపెట్టినట్టే ప్రార్థన కూడా మూలలు కలిపి నీట్‌గా చేస్తుంది.

నేనూ రోజూ అదే అడుగుతున్నాను. పైగా బేరం కూడా పెట్టాను. బార్ పడకుండా చూస్తే ఫోన్ తగ్గిస్తాను, అన్నయ్యతో గొడవపడను అని. రెండోది దేవుడు కూడా నమ్మి ఉండడు.

జూలై 10, గురువారం

ప్రాక్టీస్ అయ్యాక మ్యాట్ మీద కవర్ కప్పుతుంటే కొంగ సాయానికి వచ్చింది. సిగ్గు విడిచి అడిగేశాను, నీకు భయం వెయ్యదా అని. దేనికే అంది. బార్ పడుతుందేమోనని అన్నాను. నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. పడుతుందిగా మరి అంది. వరసగా మూడుసార్లు పడేసేదాకా ఎగురుతూనే ఉంటాం కదా, గెలిచినా ఎత్తు పెంచుతూనే పోతాం కదా, మెడల్ వచ్చిన రోజు నా ఆఖరి మూడు జంపులూ ఫెయిలే అంది. తాడు ముడేసి వెళ్ళిపోయింది.

నేను అక్కడే కూలబడ్డాను. ఇన్నేళ్ళుగా ఎగురుతున్నాను, ఇది నాకెందుకు తట్టలేదు? ఈ ఆటలో గెలిచినవాళ్ళు కూడా పడేసే ఇంటికి వెళ్తారు. ఈ ఆటలో లేని రోజొకటి ఇమ్మని నేను దేవుణ్ణి పీక్కు తింటున్నాను. అది కూడా ఎవరిని? సిలువ మీద వేలాడినవాణ్ణి. ఇక అయిపోయాడని ఊరంతా అనుకున్నవాణ్ణి.

అదే రోజు, సాయంత్రం

ప్రార్థన మార్చాను. పడేస్తాను ప్రభువా, అప్పుడు కూడా నువ్వుంటావు కదా అన్నాను. ఆ తర్వాత అడగడానికి ఏమీ మిగల్లేదు. చాలాసేపు మోకాళ్ళ మీదే ఉన్నాను. భయం పోలేదు. కానీ దాని పక్కన ఇంకెవరో ఉన్నారు. ఇది అన్నయ్యకి చెబితే నవ్వుతాడు. నవ్వనీ.

జూలై 12, శనివారం

బూట్లు కూడా విప్పకుండా రాస్తున్నాను.

మొదటి ఎత్తులోనే, మొదటిసారి ఆగబోయి బార్‌ని గుద్దుకున్నాను. పడింది. రెండోసారి నడుము తగిలింది. పడింది. కానీ ఎగిరాను! ఎన్నాళ్ళకి! ఇంకొకటి పోతే ఇంటికే. పరుగెత్తే ముందు ఒకే మాట అనుకున్నాను. పడేసినా నీదాన్నే.

కాళ్ళు ఆగలేదు.

వీపు బార్ మీదుగా వెళ్ళేటప్పుడు ఆకాశం తప్ప ఇంకేమీ కనబడదు. నేనెప్పుడూ చూడలేదు, కళ్ళు గట్టిగా మూసేసుకునేదాన్ని. ఈరోజు తెరిచే ఉన్నాయి. ఇంత పెద్దదా అనుకున్నాను. ప్రభువా, ఇంత పెద్దదా! నాకు మాటలు చాలడం లేదు.

బార్ కదల్లేదు. అన్నయ్య ఈల మైదానమంతా వినబడింది. అమ్మ మాత్రం కళ్ళు మూసుకుని, పడిందా రా, పడిందా అని వాణ్ణి అడుగుతూనే ఉందట.

తర్వాత ఎత్తులన్నీ దాటుతూ పోయాను. కొంగ ఫస్ట్, నేను సెకండ్. టీమ్‌లో ఉన్నాను. ఆఖరి ఎత్తు మూడుసార్లూ పడేసి, మ్యాట్ మీద వెల్లకిలా పడి పగలబడి నవ్వాను. కోచ్ సార్ పరుగెత్తుకొచ్చి, మోకాలు ముందే దించేశావని చెడామడా తిట్టారు. ప్రాణం లేచొచ్చింది.

జూలై 13, ఆదివారం

చర్చిలో పాస్టర్‌గారు, దేవుడు నాకు చేసింది సాక్ష్యంగా చెప్పమన్నారు. అందరి ముందూ నిలబడ్డాను. ఒక్క మాట రాలేదు. అలాగే నిలబడ్డాను. భయం వెయ్యలేదు.