తియ్యని అప్పళం

కోవిల్‌పట్టి, మంగళవారం

అక్కా,

ఫోన్లో చెబితే అత్తకు వినబడుతుందని రాసి పంపుతున్నాను. నాకు రెండు గర్భాలు పోయాయి కదా, ఈ బిడ్డైనా నిలవాలని అత్త అమ్మవారికి నిప్పుల చట్టి మొక్కుకుని చేతికి కాపు, అదే పసుపు దారం, కట్టుకుంది. కాపు విప్పేదాకా ఇంట్లో నీచు వండకూడదు, మొక్కు మైలపడితే చట్టి ఎత్తిన చేతులు కాలతాయంటారు. నేనే ఆశ ఆపుకోలేకపోయాను. మంట లేదు, ఇది పొయ్యి కాదనుకుని, ఆమె గుడికి వెళ్లగానే పంది పక్కటెముకలకు తాటిబెల్లం పాకం పూసి ఎయిర్ ఫ్రయర్‌లో కాల్చాను. దాన్ని సరిగా కడగలేదు. జలుబుతో ఉన్న అత్తకు వాసన తెలియక, దాంట్లోనే అప్పళం కాల్చుకుని తినింది.

"తియ్యంగ ఉండాది పాపా! అమ్మ మన మొర వినింది!" అని ఏడుస్తూ సగం నా నోట్లో పెట్టింది.

ఎట్లా చెప్పేది? ఉత్తరం అందగానే విరుదునగర్‌లో బస్సెక్కు అక్కా. ఆదివారం అత్త నా బిడ్డ కోసం ఆ చేతులతోనే నిప్పుల చట్టి ఎత్తుతుంది.

నీ చెల్లెలు