ఒంట్లో బాగోలేదేటి?

బిలాస్‌పూర్, 1936

అప్పా, నీ తమ్ముడు తవిటినాయుడి దండాలు. ఇక్కడ తిండికి లోటు లేదు, బెంగపడకు.

నీకిచ్చిన మాట ప్రకారం ఇప్పసారా మాని నెల దాటింది. తాగి, పాటలు పాడి నవ్వించిన రోజుల్లో రైలింజన్ల షెడ్డులో నన్నెవరూ ఏమీ అడగలేదు. నిన్న ఫైర్‌మన్ బంగార్రాజు నా నుదురు ముట్టి చూసి, "ఏటిరా, ఒంట్లో బాగోలేదేటి? మాటాడవేటి?" అన్నాడు. పాడినవాడు నేనా, ఈ నోరు మెదపనివాడు నేనా, తెలియడం లేదు.

బావ దగ్గు తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తుంటే ఎండుచేపలు పంపు.

తాగుడు నేర్వకముందు నేనెలా ఉండేవాణ్ణో, నన్ను పెంచినదానివి, నువ్వే రాయి. నాకు గుర్తు రావడం లేదు.

నీ కూతురు చిన్నమ్మికి ఆశీస్సులు. ఈసారి పాడకపోయినా వచ్చేది మావయ్యేనని చెప్పు.