చెరువు వైపు కన్ను

జూన్ 8, 2024. పెదపారుపూడి

అన్నయ్య పెద్దకర్మ అయిపోయింది. షామియానా వాళ్లు కుర్చీలు పట్టుకుపోయారు.

సాయంత్రం భాస్కరరావు గారు ఫోన్ చేశారు. కోడూరు దగ్గర ఆయన రొయ్యల చెరువుల గేటు మీద సిమెంటు రొయ్య అయిపోయింది, కళ్లు తప్ప. కళ్లకు అన్నయ్య కట్టిన గోనె అలాగే ఉంది. మా పద్ధతి మొదటి నుంచీ ఇదే. ఇనుము వంచి సిమెంటు పెట్టేది అన్నయ్య, రంగులు వేసేది నేను. కళ్లు మాత్రం అన్నిటికన్నా చివర అన్నయ్యే వేస్తాడు. అందాకా దిష్టి తగలకుండా గోనె కట్టి ఉంచాలి. కళ్లు పడితేనే బొమ్మ అయినట్టు. అప్పుడు గుమ్మడికాయ కొట్టి వచ్చేస్తాం.

భాస్కరరావు గారు మర్యాదగానే మాట్లాడారు. తొందరేం లేదయ్యా వీరాంజీ, కానీ నెలాఖరుకి ఎక్స్‌పోర్టు వాళ్లు వస్తున్నారు, గంతలు కట్టిన రొయ్యని ఎట్లా చూపించను అన్నారు.

సరేనండీ అన్నాను.

జూన్ 10

కాగితం మీద కన్ను వేశాను. చొక్కా బొత్తాంలా వచ్చింది.

జూన్ 11

పాత బొమ్మలు చూసొస్తే తప్ప కన్ను పట్టుబడదని మా ఆవిడ హేమతో అంటున్నాను. సుగుణ వదిన లోపలి నుంచి విని, నేనూ వస్తానంది. ఆవిడ ఒక్క బొమ్మా చూడలేదు. పనికి వెళ్తే అన్నయ్య వారాల తరబడి వచ్చేవాడు కాదు. వచ్చాక బొమ్మ సంగతి చెప్పేవాడూ కాదు. ఏ ఊళ్లో చేపల పులుసు బాగుందో చెప్పేవాడు.

కర్మ అయ్యాక ఆనవాయితీగా పుట్టింటికి నిద్రకి వెళ్లాల్సిన మనిషి మరిది వెనకాల ట్రాలీ ఆటో ఎక్కి ఊరేగడమేంటని పక్కింటి స్వర్ణలత గారు హేమను అడిగిందట. ఇంట్లో కూర్చున్నా అనే నోళ్లు అంటూనే ఉంటాయి, వెళ్లి రండి అంది హేమ.

జూన్ 13

ముందు గుడివాడ రోడ్డులో డాబా హోటల్ మీది కోడిపుంజు. దూరం నుంచే కనపడింది. దగ్గరికెళ్తే అది మా పుంజు కాదు. ఎవరితోనో కొత్త ఎనామిల్ కొట్టించారు. కళ్ల చుట్టూ కాటుక, పైన రెప్ప వెంట్రుకలు. పెళ్లికూతురికి చేసినట్టుంది, కోడిపెట్టలు సిగ్గుపడతాయి అంది వదిన. అన్నయ్య పోయాక ఆవిడ నవ్వడం ఇదే మొదలు.

బందరు వెళ్లాం. గిలకలదిండిలో ఐసు ఫ్యాక్టరీ గోడ మీద పండుగప్ప చేప బొమ్మ. దాని కళ్ల స్థానంలో ఎర్ర బల్బులు పెట్టారు. రాత్రిళ్లు వెలుగుతాయని వాచ్‌మన్ గొప్పగా చెప్పాడు. వదిన ఆ బల్బుల వంక చూస్తూ నిలబడింది. తర్వాత వెళ్లి ఆటోలో కూర్చుంది.

చల్లపల్లి దాటాక అడిగింది, కళ్లు వేసేస్తావా అని.

వేయాలి కదా వదినా అన్నాను.

వేసేస్తే మీ అన్నయ్య పని అయిపోయినట్టేగా అంది.

 అవనిగడ్డలో వాళ్ల పుట్టింటి సందు మీదుగానే వెళ్లాం. ఆపమనలేదు.

అదే రోజు, సాయంత్రం

కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే వరి ఆగిపోతుంది. ఇక ఉప్పు తేలిన పర్ర నేల, తుమ్మ చెట్లు, ఇసుక. అక్కడ హైదరాబాదు ఆయనెవరో రిసార్ట్ పెట్టాడు. ఇసుక ఎటూ ఉంది, ఎడారి పెట్టేద్దాం అని అన్నయ్యతో ఒంటెను చేయించాడు. రెండో ఏడే పోటు నీళ్లు దారిని తినేశాయి. రిసార్ట్ మూతపడింది. ఒంటె మిగిలింది.

అన్నయ్య ఒంటెను ఎన్నడూ చూసినవాడు కాదు. క్యాలెండర్ చూసి చేశాడు. క్యాలెండర్లో ఒంటె కూర్చుని ఉంది, కాళ్లు కనపడలేదు. అందుకని మన ఎద్దు కాళ్లు పెట్టాడు. మోకాళ్లు, గిట్టలు, అన్నీ ఒంగోలు ఎద్దువే. హైదరాబాదు ఆయనకీ తేడా తెలియలేదు.

కాపలా ఉండే ఎలీషా గుడిసెలోంచి వచ్చి, ఈ గేదెని చేసింది మీరేనా అన్నాడు. ఆదివారాలు కుర్రాళ్లు వచ్చి సెల్ఫీలు దిగుతారట. మూపురం జారిపోయిన ఎద్దని కొందరు, మెడ సాగిన గేదెని కొందరు పందేలు వేసుకుంటారట. మళ్లీ రంగు వేయించే దిక్కు లేదండీ అన్నాడు.

అందుకే కళ్లు మిగిలాయి. ఉప్పుగాలికి ఒళ్లంతా పెచ్చులు లేచింది, కళ్లు అలాగే ఉన్నాయి. నల్లగుడ్డు మధ్యలో లేదు. పక్కకి, కాస్త కిందికి పెట్టాడు. ఇన్నేళ్లు పక్కనే ఉండి నేను గమనించలేదు.

వదిన ఒంటె ముందు ఇసుకలో కూర్చుంది. మారు అన్నం కావాలంటే నోటితో అడిగేవాడు కాదు, గిన్నె వంక ఇట్లాగే చూసేవాడు అంది.

చాలాసేపు లేవలేదు. ఎలీషా మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి వెళ్లాడు.

జూన్ 14

వదిన రాత్రి వంట తనే చేసిందని హేమ చెప్పింది. ఒక మనిషి అన్నం ఎక్కువైంది.

జూన్ 27. కోడూరు

వదిన కూడా వచ్చింది. పరంజా ఎక్కాను. రోడ్డు వైపు గోనె విప్పి, తెలుపు వేసి, ఆరాక నల్లగుడ్డు పక్కకి, కాస్త కిందికి పెట్టాను.  దిగి చూస్తే రొయ్య రోడ్డు పక్కనున్న దేన్నో కావాలని అడగలేక చూస్తున్నట్టుంది. భాస్కరరావు గారు బాగుందన్నారు. వదిన పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండో వైపు ఎక్కబోతుంటే, వీరాంజీ, దిగు, అది ఉండనీ అంది.

ఒంటికన్ను రొయ్యని పెట్టుకుని నేనేం చేసుకోనమ్మా అన్నారు భాస్కరరావు గారు.

రోడ్డు మీద పోయేవాళ్లకి ఒక కన్నే కనపడుతుందండీ, అటు వైపు చూసేది మీ చెరువులో రొయ్యలే అంది వదిన.

ఆయన నా వంక చూశారు. నేను డబ్బా మూత పెట్టాను. సరే కానీండి అన్నారు. గుమ్మడికాయ తెప్పించి ఉంచారు. పని అవలేదుగా, అది దేనికండీ అంది వదిన. ఆయన దాన్ని పట్టుకుని కాసేపు నిలబడి, మళ్లీ మేత గోదాములో పెట్టించారు.

జూలై 5

వదిన అవనిగడ్డ వెళ్లింది, పుట్టింటికి నిద్రకి. అక్కణ్ణుంచి కోడూరు దగ్గరే. ఎప్పుడొచ్చేదీ చెప్పలేదు.

సెప్టెంబర్ 19

వేరే పని చూసి కోడూరు మీదుగా బస్సులో వస్తున్నాను. రోడ్డు మలుపులో రొయ్య రెండో వైపు కూడా కనపడింది. ఈ వానలకి గోనె చివికిపోయి ఉండాలి.

కొత్త గోనె కట్టి ఉంది.