ఆఖరి రాక్షసుడి దగ్గర పోయే కరెంటు

ఒరేయ్ పాల్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఉప్పల్‌లో ప్రార్థన అయ్యాక మీ ఆవిడ నన్ను పక్కకు పిలిచి, మన పాత టీవీ గేమ్ డబ్బా చేతిలో పెట్టింది.

తొంభైల్లో నాచారంలోని మీ ఇంట్లో, ఆ డబ్బా ముందే కదా మన సెలవులన్నీ కరిగిపోయింది. నేను రెండో స్టేజీలోనే చచ్చి కూర్చునేవాణ్ణి. నువ్వు మాత్రం బొటనవేళ్లు బొబ్బలెక్కినా ఆఖరి రాక్షసుడి దాకా పోయేవాడివి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయేది. ఆట మళ్లీ మొదటి నుంచి.

"గీ లైన్‌మన్ నా మీద పగవట్టిండ్రా!" అని గోడకు గుద్దేవాడివి. ఏ పాపం ఎరగని ఆ మనిషిని నేనూ నీతో కలిసి తిట్టేవాణ్ణి. ఫ్యూజు మాత్రం నా జేబులో ఉండేది. మంచినీళ్లకని లేచి, వరండాలోకి పోయి పీకింది నేనే.

ముప్పై ఏళ్లు దాచాను. ఇవాళ మీ ఆవిడకైనా చెప్పేద్దామని నోరు తెరిచేలోపే ఆమె అంది: "అన్నా, గిది నీకే ఇయ్యమన్నడు. ఇగనన్న ఫ్యూజు పీకకుండ ఆడుమని చెప్పుమన్నడు."

దొంగోడా, తెలిసే తిట్టావా లైన్‌మన్‌ని?

ఇంటికొచ్చి మా పాత టీవీకి తగిలించాను. కళ్లు మండాయి, మెడ పట్టేసింది, మధ్యాహ్నమంతా పోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆఖరి రాక్షసుడి దాకా వచ్చాను. ఆట ఆపి, వరండా వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

కరెంటు పోలేదు.