దాహం వెయ్యని పెసర

స్కోఫీల్డ్స్‌లో ఉన్న శేషాచలం అంకుల్‌కి,

మీ మేడగదిలో అద్దెకుండే వైశాలి నమస్కారాలు. నారబ్రైలో మా రీసెర్చ్ ఫీల్డ్‌కి క్షేమంగా చేరాను. ఇక్కడ సిగ్నల్ గాలివాటం, ఫోన్లు కుదరవు. మా యూనివర్సిటీ గ్లాస్‌హౌస్ రిపేరయ్యేదాకా నా పెసర కుండీలు మీ పెరటి షెడ్డులో పెట్టనిచ్చారు, చాలా థాంక్స్. మళ్ళీ చెబుతున్నాను. ఎర్ర చీటీ కుండీలకి చుక్క నీళ్ళు పోయకూడదు. నీలం చీటీవి టబ్బు నీళ్ళలో మునిగే ఉండాలి. కరువునీ, ముంపునీ పెసర ఎలా తట్టుకుంటుందో చూడాలి. నా పీహెచ్‌డీ అంతా ఆ కుండీల్లోనే ఉంది. రోజూ ఈమెయిల్లో ఫొటో పంపండి చాలు.

ఇట్లు, వైశాలి
తా.క.: దయచేసి జాలి పడకండి.

*

చిరంజీవి వైశాలిని ఆశీర్వదించి శేషాచలం అంకుల్ అడుగునది ఏమనగా,

నీలం చీటీ మొక్కలు పీకల్లోతు నీళ్ళలో ఉండి కూడా వాడిపోయి తలలు వేలాడేశాయి. ఎండిపోవాల్సిన ఎర్రవేమో నవనవలాడుతున్నాయి. చీటీలు తారుమారుగా అంటించావేమో చూసుకో. నేను తెనాలి బ్యాంకులో సంతకాలు పోల్చినవాణ్ణి, నాకు పొరపాటు రాదు. నీళ్ళలో నుంచున్నవాటికి దాహమేమిటమ్మా? పొద్దుట్నుంచి అదే ఆలోచిస్తున్నాను, కాఫీ కూడా రుచించలేదు.

ఆశీస్సులతో, అంకుల్
తా.క.: నేను జాలి పడలేదు. సిఫార్సు మాత్రం చేస్తున్నాను.

*

అంకుల్‌కి నమస్కారం.

నీలంవి సరిగ్గానే ఉన్నాయి. వేళ్ళకీ గాలి కావాలి. మట్టినిండా నీళ్ళు నిలిస్తే వాటికి ఊపిరాడదు, ఊపిరాడకపోతే నీళ్ళు పీల్చలేవు. అందుకే అలా వాడిపోయాయి. నాకు అర్థంకానివి ఎర్రవే. ఈపాటికి ఆకులు ముడుచుకుని, అడుగాకులు రాల్చేసి, ఉన్న కాస్త తడినీ పొదుపు చేసుకోవాలి. అవి చిగుళ్ళు వేస్తున్నాయేమిటి? అంకుల్, తప్పుగా అనుకోకండి, మీరు గానీ...

వైశాలి
తా.క.: ఫొటోలో మీ చేతిలో ఉన్నది చెంబేనా?

*

వైశాలికి,

చెంబే. నేను కాళ్ళు కడుక్కునేది. ఇంతమాట అంటావనుకోలేదు. రోజూ ఎండకి ఇంకిపోయే నీ టబ్బులు నింపడానికి తప్ప వాడకుండా పెరటి కుళాయి పిడి ఊడదీసి జేబులో వేసుకు తిరుగుతున్నాను. కారు కడగటం మానేశాను. బయట నలభై డిగ్రీలు, వాన లేదు. మా లాన్ కొబ్బరిపీచయింది. నీ ఎర్ర కుండీలు మాత్రం పూత పూశాయి. ఒట్టు, నేను పోయలేదు. నాకు మతిపోతోంది.

శేషాచలం
తా.క.: నేను పోయలేదని మీ మంగళ ఆంటీ కూడా సాక్ష్యం చెబుతోంది. చాలా గట్టిగా చెబుతోంది.

*

అంకుల్, నన్ను క్షమించాలి.

మీ మాట నమ్మాను. నమ్మాక నాకు నిద్ర పట్టలేదు. నీళ్ళు లేకుండా పూసిందంటే ఇది కరువును తట్టుకునే కొత్త రకం కావచ్చు! ఫొటోలు చూసి మా ప్రొఫెసర్ కుర్చీలోంచి లేచాడు. విత్తనాల కంపెనీవాళ్ళని వెంటబెట్టుకుని శుక్రవారం ఆర్వోకి, అదే మధ్యాహ్నానికి, మీ ఇంటికొస్తున్నాడు. నేను చేరేసరికి రాత్రవుతుంది, మీరే చూపించాలి. భయంగా కూడా ఉంది. ఇది అబద్ధమైతే ఇక నన్ను ఏ యూనిలోనూ నమ్మరు.

వైశాలి
తా.క.: కుళాయి పిడి కూడా చూపించండి.

*

అమ్మా వైశాలీ,

అంకుల్ మొహం చెల్లక ముసుగుతన్ని పడుకున్నారు. ఆయన ఈమెయిల్లోంచి మంగళ ఆంటీని రాస్తున్నాను. ప్రొఫెసర్‌గారు వచ్చారు. అంకుల్ కుళాయి పిడి పైకెత్తి ఇంగ్లీషులో ప్రమాణం చేశారు. ఆ రకానికి నీ పేరే పెడతామన్నారు వాళ్ళు. నాకు చాలా సంతోషమేసింది. ఇంతలో వంటవేళయింది. అలవాటు చొప్పున బియ్యం కడిగిన గిన్నె తెచ్చి అందరి ముందూ ఎర్ర కుండీల్లో పోశాను.

"వాట్ ఈజ్ దట్?" అన్నారాయన.

"రైస్ వాష్ చేసిందండీ."

"ఎవ్రీ డే?"

"టూ టైమ్స్."

చుక్క నీళ్ళు పోయొద్దన్నావు. నేను పోయలేదే! అది బియ్యం కడుగు. మొక్కలుండగా సింకులో ఒంపడానికి నాకు చెయ్యి రాదు. అంకుల్ వాకింగ్‌లో ఉంటారు గనుక ఆయనకి తెలీదు. ఆయన పోయలేదనే సాక్ష్యం చెప్పాను, అది నిజమే. నువ్వు పోశావా అని నన్నెవరూ అడగలేదు.

ప్రొఫెసర్‌గారు గట్టుమీద కూలబడి, కాసేపటికి నవ్వారు. పేపర్‌కెక్కకముందే తెలిసింది, పరువు దక్కింది అన్నారు. ఎర్రవి మళ్ళీ విత్తుకోవాలట, నీలం కుండీలున్నాయి కాబట్టి వాటితో గట్టెక్కుతావట. ఏడవకు. తప్పు నాదే. కానీ మొక్క నా కళ్ళెదుట ఎండుతుంటే ఈ చెయ్యి ఆగదు, నువ్వు బతిమాలినా ఆగదు. కొత్తవి మా ఇంట్లో పెట్టకు.

నీ ఆంటీ, మంగళ
తా.క.: నీలంవాటి సంగతి ప్రొఫెసర్‌గారికి చెప్పలేదు, చెప్పడం నీ ఇష్టం. ఊపిరాడటం లేదని నువ్వే రాశావు కదా, అంకుల్ పైకి చదివారు. ఆరోజు నుంచి అంకుల్ నింపి వాకింగ్‌కి వెళ్ళగానే టబ్బులు ఒంపేస్తున్నాను.