బోర్డు మీద బొట్టు

ప్రత్తిపాడు,
20-10-2005

శ్రీరమ్యకు నాయనమ్మ ఆశీస్సులు.

నువ్వు పుట్టింటికి వెళ్లాక కూడా బోరు మోటారు చక్కగా నడుస్తోంది. కొత్తగా నాటిన మిరప మొక్కలన్నీ నిలదొక్కుకున్నాయి. వాన జాడ లేదు కాబట్టి, మోటారు బాగుపడకపోతే ఆ చేను ఎండిపోయేది.

దసరా అయ్యాక మోటారు ఆగిపోతే, మెకానిక్ కొత్త స్టార్టరు కొనాల్సిందేనన్నాడు. నువ్వు డబ్బా విప్పి, లోపలి బోర్డును వెలుగులో తిప్పి చూసి, "తాతయ్యగారూ, దసరాకి బొట్టు ఎక్కడ పెట్టారు?" అని అడిగావు.

"పూజంటే పూజే. మూత తీసి లోపల కూడా పెట్టాను" అన్నారాయన పౌరుషంగా.

ఆ తడి పసుపు బొట్టు వల్లే బోర్డు కాలిందని చూపించి, "అమ్మవారికి మూత మీద పెట్టినా చాలండి" అన్నావు, నవ్వకుండా. మాడిన రెసిస్టరు, ఉబ్బిన కెపాసిటరు తీసేసి, గుంటూరు నుంచి తెప్పించిన కొత్తవాటికి టంకం పెట్టావు. ఆ సాయంత్రమే చేనుకి నీళ్లు పారాయి.

కొత్త కోడలికి మోటారు షెడ్డులో పనేమిటని మీ అత్తగారు గొణిగింది. నిన్ను పంపింది నేనేనని చెప్పాను.

నాకు పొగడటం చేతకాదు. స్టార్టరు డబ్బా తాళంచెవి ఇన్నాళ్లూ మీ తాతయ్యగారి మొలతాడుకే ఉండేది. నిన్న అడిగి తీసుకున్నాను. ఇప్పుడు నా కొంగు ముడిలో ఉంది. నువ్వు రాగానే నీ చేతికిస్తాను, ఇక అది నీ దగ్గరే ఉండాలి.

మీ నాయనమ్మ